విండోస్ 10 నుంచి 11కు: పాత సాఫ్ట్‌వేర్ చేజారకుండా మారే పద్ధతి

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆఫీస్ 2016, 2019లకు కూడా అదే ఆఖరి రోజు. అప్పటి నుంచి డీటీపీ సెంటర్లు, చిన్న ప్రెస్సులు, హోల్‌సేల్ దుకాణాలు, ఆడిటర్ల ఆఫీసుల్లో ఒకటే ప్రశ్న: పదకొండుకు మారితే మన సాఫ్ట్‌వేర్ నడుస్తుందా?

చాలాసార్లు నడుస్తుంది. ప్రోగ్రాం చక్కగా తెరుచుకుంటుంది. అయితే అందులో తెలుగు టైపు కాదు. టైపు అయితే పీడీఎఫ్ రాదు. బిల్లు తెర మీద కనిపిస్తుంది గానీ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు ఉలకదు, పలకదు. టెండరుకు ఆఖరి రోజున డిజిటల్ సంతకం టోకెన్‌ను కంప్యూటర్ గుర్తించదు. ప్రోగ్రాంకూ పనికీ నడుమ డ్రైవరు (ప్రింటరు వంటి పరికరాన్ని విండోస్‌తో మాట్లాడించే ప్రోగ్రాం), లాకు (సాఫ్ట్‌వేర్ నడవాలంటే కంప్యూటర్‌కు గుచ్చాల్సిన చిన్న తాళం లాంటి పరికరం), ఫాంటు, ఫోల్డరు అనుమతి లాంటి చిన్న చిన్న లంకెలుంటాయి. వాటిలో ఏ ఒక్కటి తెగినా పని ఆగిపోతుంది. ‘విండోస్ 11కు సరిపోతుంది’ అని పెట్టె మీద అచ్చువేసిన కంపెనీ ఈ లంకెల గురించి మాట్లాడదు. వాటిని మనమే ఒక్కొక్కటిగా పట్టి చూసుకోవాలి.

ముందు మీకెంత సమయం ఉందో చూసుకోండి

పెళ్లిళ్ల ముహూర్తాలు దగ్గరపడినప్పుడు ప్రెస్సులోనూ, మార్చి నెలాఖరున లెక్కల ఆఫీసులోనూ విండోస్ మార్చకండి. ఆగే వీలుంది. విండోస్ 10 22హెచ్2 వెర్షన్ వాడే వ్యక్తిగత వినియోగదారులకు 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు పొడిగించే పథకం ఉంది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు చేసుకోవచ్చు. దీనికి మైక్రోసాఫ్ట్ ఖాతా తప్పనిసరి. ఆ ఖాతాతో కంప్యూటర్ సెట్టింగులను సింక్ చేస్తే ఉచితం, లేదంటే 30 డాలర్ల రుసుము లేదా 1000 రివార్డ్ పాయింట్లు. ఈ గడువును ‘ఇంకా ఏడాది మర్చిపోవచ్చు’ అన్న అర్థంలో తీసుకోకుండా, పరీక్షించుకోవడానికి దొరికిన వ్యవధిగా వాడుకోండి.

తరువాత యంత్రం సంగతి. విండోస్ 11కు 64 బిట్ ప్రాసెసరు, 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ, యూఈఎఫ్ఐ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే కొత్త తరం బయోస్), సెక్యూర్ బూట్ సౌకర్యం, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 వరుస నుంచి ఆమోదిత జాబితాలో ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ ఇచ్చే పీసీ హెల్త్ చెక్ అనే చిన్న ప్రోగ్రాం ఈ లెక్క చెబుతుంది. అది ‘టీపీఎం లేదు’ అనగానే కొత్త సిస్టమ్ కొనడానికి బయలుదేరకండి. చాలా మదర్‌బోర్డుల్లో అది ఉండి కూడా ఆపివేసి ఉంటుంది. కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరుచుకునే బయోస్ సెట్టింగుల్లో ఇంటెల్ యంత్రాలకు పీటీటీ, ఏఎండీ యంత్రాలకు ఎఫ్‌టీపీఎం అన్న పేర్లతో వెతకండి. బయోస్‌లో చెయ్యి పెట్టేముందు డిస్కు ఎన్‌క్రిప్షన్ (డిస్కులోని సమాచారానికి వేసే రహస్య తాళం) ఆన్‌లో ఉందేమో చూసుకుని, ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసిపెట్టుకోండి. లేకపోతే తరువాత కంప్యూటర్ ఆ 48 అంకెలూ అడుగుతుంది, మీ దగ్గర ఉండవు.

అర్హత లేని యంత్రంలో దొడ్డిదారిన 11 ఎక్కించే ఉపాయాలు ఎన్నో ఉన్నాయి. ఇంట్లో పిల్లల కంప్యూటర్‌కు అయితే మీ ఇష్టం. బిల్లులు రాసే యంత్రానికి మాత్రం వద్దంటాను. అలాంటి యంత్రాలకు అప్‌డేట్లు అందుతాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. అందకపోతే అడిగే హక్కు మీకుండదు.

కొత్త ల్యాప్‌టాప్ కొనేవారికి ఒక మాట. 2024 మధ్య నుంచి స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ప్రాసెసర్లతో వస్తున్న విండోస్ ల్యాప్‌టాప్‌లు ఏఆర్ఎం రకానివి, అంటే ఇంటెల్, ఏఎండీలకు భిన్నమైనవి. బ్యాటరీ బాగా నిలుస్తుంది, పాత ప్రోగ్రాంలు కూడా ఎమ్యులేషన్ (పాత రకం ప్రాసెసరును అనుకరించడం) ద్వారా చాలావరకు నడుస్తాయి. కానీ డ్రైవర్లకు ఎమ్యులేషన్ ఉండదు. పాత ప్రింటరు, యూఎస్‌బీ లాకు, సంతకం టోకెన్ వాడేవారు ఆ రకం జోలికి పోకపోవడమే మంచిది.

సాఫ్ట్‌వేర్ల జాబితా వద్దు, పనుల జాబితా రాయండి

కంట్రోల్ ప్యానెల్ తెరిచి ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రాంల పేర్లు రాసుకోమని అందరూ చెబుతారు. అందులో సగం మీరు వాడనివే ఉంటాయి. మీ పనికి ప్రాణాధారమైన డ్రైవర్లు, ఫాంట్లు మాత్రం అందులో కనిపించవు. అందుకే మీ దగ్గర రోజూ జరిగే పనులను మొదలు నుంచి చివరి దాకా రాయండి.

డీటీపీ సెంటర్‌లో శుభలేఖ పని తీసుకుందాం. కస్టమర్ ఫోనులో ఫొటో, మ్యాటరు పంపుతాడు. దాన్ని సిస్టమ్‌లోకి దించుతారు. తెలుగు టైపు చేయించే లిపి ప్యాకేజీ ఆన్ చేసి పేజ్‌మేకర్‌లో టైపు చేస్తారు. ఫొటోషాప్‌లో బొమ్మ సరిచేసి పేజీలో పెడతారు. లేజరు ప్రింటరు మీద ప్రూఫు తీస్తారు. దిద్దాక పీడీఎఫ్ చేసి ప్లేట్లు తీసేచోటికి పంపుతారు. ఇందులో ప్రతి అడుగు పక్కన, అది దేని మీద ఆధారపడిందో రాయండి: ఏ ఫాంటు, ఏ కీబోర్డు లేఅవుట్, ఏ ప్రింటరు డ్రైవరు, ఏ నెట్‌వర్క్ ఫోల్డరు, లాకు ఉందా, ఇంటర్నెట్‌లో యాక్టివేషన్ కావాలా.

రోజూ జరగని పనులను కూడా వదలకండి. నెలకోసారి జీఎస్టీ రిటర్ను, మూడు నెలలకోసారి టీడీఎస్, ఎప్పుడో ఒకసారి టెండరు. విండోస్ మార్చిన వారంలో అంతా బాగుందనిపించి, 20వ తేదీన రిటర్ను వేసేటప్పుడు బయటపడే చిక్కులన్నీ ఇక్కడివే.

లంకె ఎందుకు తెగుతుంది

కారణం తెలిస్తే మందు తేలికగా దొరుకుతుంది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

మొదటిది 16 బిట్ సమస్య. 64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాంలు నడవవు. డాస్ కాలపు ఫాక్స్‌ప్రో లెక్కలు, క్లిప్పర్‌లో రాసిన జీతాల ప్రోగ్రాంలు ఈ కోవలోనివి. 32 బిట్ విండోస్ 10లో మాత్రం పాత ఏర్పాటు మిగిలి ఉండేది, అందుకే కొందరు తెలిసే 32 బిట్ విండోస్‌ను అంటిపెట్టుకుని ఉన్నారు. విండోస్ 11కు 32 బిట్ రూపమే లేదు. వీరికి అసలు ‘అప్‌గ్రేడ్’ అన్నది ఉండదు, కొత్తగా ఇన్‌స్టాల్ చేయాల్సిందే. ఒక్కోసారి ప్రోగ్రాం 32 బిట్‌దే అయినా దాని ఇన్‌స్టాలరు 16 బిట్‌ది అయి ఉంటుంది. సీడీ పెట్టగానే ‘ఈ యాప్ మీ పీసీలో నడవదు’ అని వస్తే ముందు అనుమానించాల్సింది ఇన్‌స్టాలర్‌ని.

రెండోది డ్రైవర్లు. 64 బిట్ విండోస్‌కు 64 బిట్ డ్రైవరే కావాలి, దాని మీద చెల్లే డిజిటల్ సంతకమూ ఉండాలి. పైగా విండోస్ 11లో మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ ఆన్‌లో ఉంటే, సంతకం ఉన్న పాత డ్రైవర్లను కూడా కొన్నింటిని అడ్డుకుంటుంది. విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, దాని కింద కోర్ ఐసొలేషన్ వివరాలు తెరిస్తే పొసగని డ్రైవర్ల పేర్లు అక్కడే కనిపిస్తాయి. హార్డ్‌వేర్ లాకుకు బదులు, లాకు ఉన్నట్టు నమ్మించే ‘లాక్ ఎమ్యులేటర్’ పెట్టుకున్న సిస్టమ్‌లు ఆగిపోయేది ఈ గుమ్మం దగ్గరే. అది నడవడం కోసం రక్షణలన్నీ ఆపేసే వారున్నారు. అదే సిస్టమ్‌లో బ్యాంకు లావాదేవీలు కూడా చేస్తారు. ఇక చెప్పేదేముంది.

మూడోది ప్రోగ్రాం తనకు తానే పెట్టుకున్న అడ్డు. పాత ప్రోగ్రాంలు మొదలవగానే విండోస్ వెర్షన్ సంఖ్య అడుగుతాయి, తమకు తెలియని సంఖ్య వస్తే ఆగిపోతాయి. విండోస్ 7కు లోపలి సంఖ్య 7 కాదు, 6.1. విస్టా 6.0 అయినందుకే ఎన్నో ప్రోగ్రాంలు మొరాయించాయి, ఆ గొడవ మళ్లీ రాకుండా పెద్ద అంకెను కదపలేదు. ప్రాపర్టీస్‌లోని కంపాటిబిలిటీ ట్యాబ్‌లో ‘విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3’ ఎంచుకున్నప్పుడు విండోస్ చేసే పనుల్లో ముఖ్యమైనది ఈ సంఖ్య విషయంలో అబద్ధం చెప్పడమే. అందుకే అది కొన్ని ప్రోగ్రాంలకు సంజీవనిలా పనిచేసి, డ్రైవరు సమస్యలున్న వాటికి ఏమాత్రం పనికిరాదు.

నాలుగోది రాసే హక్కు. ఎక్స్‌పీ రోజుల్లో ప్రోగ్రాంలు తమ డేటాను ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లోనే రాసుకునేవి. 2007లో వచ్చిన విస్టా నుంచి అది నిషేధం. అయితే పాత ప్రోగ్రాం ఆగిపోకుండా విండోస్ ఒక చాటు ఏర్పాటు చేసింది: ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాసినట్టే నమ్మించి, నిజానికి ఆ ఫైలును ఆ యూజర్ యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్ అనే ఫోల్డర్‌లో దాస్తుంది. ప్రోగ్రాంకు తేడా తెలియదు, మీకూ తెలియదు. బ్యాకప్ తీసేటప్పుడు మాత్రం ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని ఫోల్డరు కాపీ చేసుకుంటారు. కొత్త సిస్టమ్‌లో తెరిస్తే ఎప్పటివో పాత బిల్లులు కనిపిస్తాయి. పాత డిస్కు అప్పటికే ఫార్మాట్ అయి ఉంటే అంతే సంగతులు. అందువల్ల వర్చువల్‌స్టోర్ ఫోల్డర్‌ను ప్రతి యూజర్ పేరు కిందా వెతకకుండా ఏ యంత్రాన్నీ చెరపకండి.

పాత యంత్రం నుంచి తీసిపెట్టుకోవలసినవి

డేటా ఎలాగూ తీస్తారు. మరిచిపోయేవి వేరే ఉంటాయి: ఇన్‌స్టాలేషన్ సీడీల కాపీలు, సీరియల్ నంబర్లు, ఫాంటు ఫైళ్లు, కీబోర్డు లేఅవుట్ సెట్టింగులు, ప్రింటరు పోర్టు పేర్లు, బ్రౌజరులో దాచిన పాస్‌వర్డులు. ఇంటర్నెట్ ద్వారా యాక్టివేట్ అయ్యే సాఫ్ట్‌వేర్ అయితే పాత యంత్రంలో లైసెన్సును సరెండరు చేయండి. లేకపోతే కొత్త యంత్రంలో ‘ఇప్పటికే మరో కంప్యూటర్‌లో వాడుకలో ఉంది’ అంటుంది. కొన్ని పాత సాఫ్ట్‌వేర్లకు యాక్టివేషన్ సర్వర్లే మూతపడ్డాయి. అలాంటిది మీ దగ్గర నడుస్తుంటే దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ అన్‌ఇన్‌స్టాల్ చేయకండి. మళ్లీ ప్రాణం పోయడం కుదరకపోవచ్చు.

తరువాత మొత్తం డిస్కుకు ప్రతిబింబం (ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు నకలు) తీయండి. క్లోన్‌జిల్లా ఉచితం, తెర చూస్తే భయపెడుతుంది గానీ పని నమ్మకంగా చేస్తుంది. దానితో పాటు మైక్రోసాఫ్ట్ వారి సిస్ఇంటర్నల్స్ విభాగంలో దొరికే డిస్క్2వీహెచ్‌డీ అనే చిన్న సాధనాన్ని నడపండి. అది నడుస్తున్న విండోస్‌ను అలాగే వర్చువల్ డిస్కు ఫైలుగా మారుస్తుంది. రేపు ఏదైనా పాత ప్రోగ్రాం కోసం దిక్కులు చూడాల్సి వస్తే ఆ ఫైలు ఉపయోగపడుతుంది.

పరీక్ష వేరే డిస్కు మీద

ఈ వ్యాసంలో ఒక్క సలహా మాత్రమే పాటించే ఓపిక ఉంటే ఇది పాటించండి. పని చేస్తున్న డిస్కు మీద అప్‌గ్రేడ్ బటన్ నొక్కకండి. ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ కొనండి. పాత డిస్కు తీగ ఊడదీసి, ఆ స్థానంలో కొత్తది పెట్టి, దాని మీద విండోస్ 11ను తాజాగా ఎక్కించండి. అదే మదర్‌బోర్డు కాబట్టి చెల్లుబాటయ్యే విండోస్ 10 డిజిటల్ లైసెన్సు సాధారణంగా తనంతట తానే చెల్లుతుంది. పగలు పాత డిస్కుతో వ్యాపారం, సాయంత్రం కొత్త డిస్కుతో పరీక్ష. పనుల జాబితాలోని ప్రతి గీతా పూర్తయ్యాకే కొత్తదానికి మారండి. డిస్కు మార్చే వీలులేని ల్యాప్‌టాప్ అయితే, పైన చెప్పిన ప్రతిబింబం తీసి, అది తిరిగి ఎక్కుతోందో లేదో చూశాకే ముందుకు వెళ్లండి.

తాజా ఇన్‌స్టాలేషన్ వల్ల శ్రమ ఎక్కువే. కానీ పాత చెత్త అంతా మోసుకెళ్లకుండా, ఏ ప్రోగ్రాంకు ఏది కావాలో ఒక్కొక్కటిగా తెలుస్తుంది.

ఎక్కించే వరుస

ముందు విండోస్ అప్‌డేట్లన్నీ పూర్తి చేయండి. తరువాత విండోస్ ఫీచర్స్ జాబితాలో డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 3.5 ఆన్ చేయండి, పాత బిల్లింగ్ ప్రోగ్రాంలు చాలా దాని మీదే నిలబడ్డాయి. విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్‌లు (ప్రోగ్రాంలు నడవడానికి కావలసిన తోడు ఫైళ్లు) 2005, 2008, 2010 వెర్షన్లు ఎక్కించండి. విజువల్ బేసిక్ 6లో రాసిన ప్రోగ్రాంల మూల రన్‌టైమ్‌కు విండోస్ 11లోనూ మద్దతు ఉంది కాబట్టి మన ఊళ్లలో ఎవరో కుర్రాడు రాసిచ్చిన ఆసుపత్రి బిల్లింగ్ ప్రోగ్రాం నడిచే అవకాశం ఎక్కువ. దానికి జోడీగా వాడిన మూడో పక్షం కంట్రోళ్లు మాత్రం విడిగా చూసుకోవాలి.

యాక్సెస్ డేటాబేస్ వాడే 32 బిట్ ప్రోగ్రాంకు ఓడీబీసీ లంకె (ప్రోగ్రాంను డేటాబేస్‌తో కలిపేది) కావాలంటే 32 బిట్ ఓడీబీసీ సాధనాన్నే తెరవాలి. స్టార్ట్‌లో ఓడీబీసీ అని వెతికితే రెండూ కనిపిస్తాయి. 64 బిట్ దాంట్లో లంకె పెట్టి, ప్రోగ్రాం చూడలేకపోతోందని గంటలు పోగొట్టుకోవడం చాలా మామూలు విషయం. మ్యాక్రోలున్న ఎక్సెల్ ఫైళ్ల మీద వ్యాపారం నడిచేవారు ఆఫీస్ కొత్తగా ఎక్కించేటప్పుడు 32 బిట్ రూపం ఎంచుకోవడం క్షేమం. అడగకపోతే 64 బిట్‌దే వస్తుంది.

తాజాగా ఎక్కించిన విండోస్ 11లో స్మార్ట్ యాప్ కంట్రోల్ అనేది ఉంటుంది. సంతకం లేని ప్రోగ్రాంలను అది అనుమానిస్తుంది, స్థానికంగా రాయించుకున్న ప్రోగ్రాంలకు సంతకం ఎక్కడిది? ప్రోగ్రాం చడీచప్పుడు లేకుండా ఆగిపోతే విండోస్ సెక్యూరిటీలోని యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్ పేజీలో ఓసారి చూడండి.

హార్డ్‌వేర్ లాకుల విషయంలో వరుస ముఖ్యం. చాలా లాకులకు ముందు తయారీదారు సైటు నుంచి తాజా డ్రైవరు ఎక్కించి, ఆ తరువాతే లాకు గుచ్చాలి. సీడీలో వచ్చిన పాత డ్రైవరు వాడకండి. పాత పారలల్ పోర్టు లాకు అయితే యూఎస్‌బీ మార్పిడి తీగతో కుదరదు. ఆ తీగ ప్రింటర్ల కోసం చేసింది, లాకుతో మాట్లాడలేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీని అడిగి యూఎస్‌బీ లాకుకు మార్పించుకోవడం ఒక్కటే దారి.

పాత ప్రోగ్రాంను ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాకుండా సీ డ్రైవులో నేరుగా ఒక ఫోల్డరు చేసి అక్కడ ఎక్కించండి. వర్చువల్‌స్టోర్ గొడవ ఉండదు, అడ్మినిస్ట్రేటర్‌గా నడపాల్సిన అవసరమూ చాలావరకు తప్పుతుంది. ఎందుకు తప్పించాలో ఇప్పుడు చూద్దాం.

తెలుగు టైపు, పేజ్‌మేకర్, పీడీఎఫ్

పేజ్‌మేకర్ 7 2001లో వచ్చింది. అడోబీ దాన్ని ఎప్పుడో వదిలేసింది, మన ప్రెస్సులు వదల్లేదు. 32 బిట్ ప్రోగ్రాం కాబట్టి 11 మీద నడుస్తుంది. ఏదైనా పొరపాటు సందేశం రాగానే ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ పెట్టమని ఎవరో ఒకరు చెబుతారు. పెట్టగానే రెండు కొత్త చిక్కులు పుడతాయి.

మొదటిది: తెలుగు టైపు ఆగిపోయి ఇంగ్లిష్ అక్షరాలు పడతాయి. లిపి ప్యాకేజీ వెనకాల ఉండి మీ మీటలను అందుకుని మారుస్తుంది. మామూలు హోదాలో నడిచే ప్రోగ్రాం, అడ్మినిస్ట్రేటర్ హోదాలో నడిచే ప్రోగ్రాం మీటలను తాకకుండా విండోస్ అడ్డుకుంటుంది. పేజ్‌మేకర్ పై హోదాలో, లిపి ప్యాకేజీ కింది హోదాలో ఉంటే టైపు కాదు. రెండింటినీ ఒకే హోదాలో నడపండి, మామూలు హోదా అయితే మరీ మంచిది. ‘ఫొటోషాప్‌లో తెలుగు పడుతోంది, పేజ్‌మేకర్‌లో పడటం లేదు’ అంటే నేను మొదట చూసేది ఇదే.

రెండోది: నెట్‌వర్క్ డ్రైవు మాయమవుతుంది. మామూలు హోదాలో మ్యాప్ చేసిన జెడ్ డ్రైవు, అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన ప్రోగ్రాంకు కనిపించదు. కేబులు పోయిందేమోనని రూటరు చుట్టూ తిరగకండి.

ఫాంట్ల దగ్గర ఇంకో మెలిక. విండోస్ 10 1809 వెర్షన్ నుంచి ఫాంటు ఫైలు మీద డబుల్ క్లిక్ చేసి ఎక్కిస్తే అది ఆ ఒక్క యూజరు ఫోల్డరులోకి పోతుంది. పాత ప్రోగ్రాంలు కొన్ని అక్కడ వెతకవు. ఫాంట్లన్నీ ఎంచుకుని కుడి క్లిక్ చేసి ‘ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్’ నొక్కండి.

పాత తెలుగు ఫాంట్లు, ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే యూనికోడ్‌కు ముందు పద్ధతివి. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చుకున్నవి. రీజియన్ సెట్టింగుల్లో అడ్మినిస్ట్రేటివ్ ట్యాబ్ కింద ‘యూటీఎఫ్-8 బీటా’ అన్న గడి ఉంటుంది. తెలుగుకు మేలు చేస్తుందనుకుని కొందరు టిక్కు పెడతారు. పెడితే పాత పేజీల్లో అక్షరాలు చెదిరిపోవచ్చు. ఆ గడి ఖాళీగా, నాన్ యూనికోడ్ ప్రోగ్రాంల భాష ఇంగ్లిష్‌గా ఉండనివ్వండి. వర్డ్ ఫైళ్లలో గౌతమి, వాణి ఫాంట్లు కనిపించకపోతే కంగారు వద్దు. విండోస్ 10 నుంచి అవి ఐచ్ఛిక భాగంగా మారాయి. ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అని వెతికి చేర్చుకోవచ్చు. టైప్ 1 అనే పాత రకం ఫాంట్లను అడోబీ కొత్త ప్రోగ్రాంలు 2023 జనవరి నుంచి వదిలేశాయి. అవి వాడిన పాత పనులకు పాత వెర్షనే దిక్కు.

పీడీఎఫ్ విషయంలో పేజ్‌మేకర్‌తో వచ్చిన, పీడీఎఫ్ తయారుచేసే డిస్టిలర్ 5ను 11 మీద నడిపే ప్రయత్నం మానుకోండి. పోస్ట్‌స్క్రిప్ట్ (పేజీ ఎలా ఉండాలో ప్రింటరుకు చెప్పే భాష) ప్రింటరు డ్రైవరు ఒకదాన్ని ‘ఫైల్’ పోర్టుతో ఎక్కించి, పేజీని పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలుగా తీయండి. దాన్ని ఉచితంగా దొరికే ఘోస్ట్‌స్క్రిప్ట్‌తో పీడీఎఫ్ చేయండి. మొదటి పీడీఎఫ్‌ను తెర మీద చూసి వదిలేయకుండా ఒత్తులు, గుడులు దగ్గరగా చూడండి, ఫాంట్లు ఎంబెడ్ అయ్యాయో లేదో ప్రాపర్టీస్‌లో చూడండి, ఆ తరువాతే ప్లేట్లకు పంపండి.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. ఇలా నెట్టుకురావడం ఎల్లకాలం సాగదు. పేజ్‌మేకర్ ఫైళ్లను దాని తరువాత అడోబీ తెచ్చిన ఇన్‌డిజైన్‌లో సీఎస్6 వరకు వచ్చిన వెర్షన్లే తెరవగలిగేవి, తరువాతి సీసీ వెర్షన్లు తెరవవు. అంటే మారే వంతెన కూడా పాతబడుతోంది. ఏటా మళ్లీ అచ్చయ్యే పుస్తకాలు, పంచాంగాలు, స్కూలు డైరీల వంటి వాటిని ఇప్పుడే యూనికోడ్‌లోకి మార్చుకోండి. ఒక్కసారి అచ్చై పోయే కరపత్రాల కోసం ఆ శ్రమ అక్కర్లేదు.

ప్రింటర్లు, నెట్‌వర్క్, సంతకం టోకెన్లు

పోస్ట్‌స్క్రిప్ట్, అలాంటిదే అయిన పీసీఎల్ భాష అర్థమయ్యే ప్రింటర్లకు సొంత డ్రైవరు దొరకకపోయినా సాధారణ డ్రైవరుతో పని గడుస్తుంది. చౌక రకం లేజర్లలో చాలావాటికి అన్నీ కంప్యూటరే చేసిపెట్టాలి, వాటికి డ్రైవరు లేకపోతే ప్రింటరే లేనట్టు. డాట్ మ్యాట్రిక్స్‌కు అక్షరాల బిల్లులైతే ‘జెనరిక్ టెక్స్ట్ ఓన్లీ’ డ్రైవరు చాలు. విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌లో వచ్చిన విండోస్ ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్‌ను పాత ప్రింటర్లున్నచోట ఆన్ చేయకండి, అది బయటి డ్రైవర్లనన్నింటినీ పక్కకు నెడుతుంది.

షేర్ చేసిన ఫోల్డరు కనిపించకపోవడానికి కూడా 24హెచ్2 తరచూ కారణం. పాస్‌వర్డు లేని గెస్టు ప్రవేశాన్ని అది ఒప్పుకోదు, నెట్‌వర్క్‌లో వచ్చే ప్రతి సందేశానికీ ఎలక్ట్రానిక్ సంతకం అడుగుతుంది. పాత యంత్రంలో పాస్‌వర్డుతో ఒక యూజరు ఖాతా చేసి, ఆ వివరాలతో లాగిన్ కండి. ఎక్స్‌పీ యంత్రాలు, పాత స్కానర్లు ఫైళ్లు పంచుకోవడానికి వాడే ఎస్‌ఎంబీ 1 అనే పాత పద్ధతిని ఆన్ చేయమని సలహా ఇచ్చేవారుంటారు. 2017లో వానాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) దేశదేశాల కంప్యూటర్లను తాళం వేసింది ఆ కిటికీలోంచే వచ్చి. దాన్ని తెరవడం కన్నా పెన్‌డ్రైవుతో ఫైలు మోసుకోవడం నయం.

జీఎస్టీ, కంపెనీ వ్యవహారాలు, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఈ-ప్రొక్యూర్‌మెంట్ టెండర్లకు వాడే టోకెన్‌లో మీ కీ టోకెన్ లోపలే ఉంటుంది, విండోస్ మార్చితే పోదు. మళ్లీ ఎక్కించాల్సింది ఈపాస్ 2003, ప్రాక్స్‌కీ వంటి ఆ టోకెన్ రకానికి తగిన డ్రైవరు, జీఎస్టీకైతే సంతకం చేయించే ఎమ్‌సైనర్ ప్రోగ్రాం. పిన్ గుర్తులేకుండా ఊహించి కొట్టకండి, కొన్ని తప్పులకే టోకెన్ లాక్ అవుతుంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరే కావాలనే పాత సైట్ల కోసం ఎడ్జ్‌లో ఐఈ మోడ్ ఉంది. కనీసం 2029 వరకు ఉంచుతామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. అందులో మీరు చేర్చిన సైటు 30 రోజులకు జాబితాలోంచి పోతుంది, మళ్లీ చేర్చుకోవాలి.

ఎంతకూ నడవనివాటికి

డాస్ ప్రోగ్రాంలకు డాస్‌ను అనుకరించే వీడాస్, డాస్‌బాక్స్ ఉన్నాయి. ఆఫీసు పనికి, ముఖ్యంగా ప్రింటింగ్‌కు, మొదటిది మేలు. మిగిలినవాటికి వర్చువల్ యంత్రం, అంటే మీ విండోస్ లోపలే మరో విండోస్‌ను నడిపే ఏర్పాటు. ఇందుకు మైక్రోసాఫ్ట్ ఇచ్చే హైపర్-వీ విండోస్ హోమ్ వెర్షన్‌లో ఉండదు, ప్రో వంటివాటిలోనే ఉంటుంది, యూఎస్‌బీ లాకును లోపలికి నేరుగా పంపలేదు. లాకు ఉన్నవారు వర్చువల్‌బాక్స్ ఎంచుకోండి, అందులో యూఎస్‌బీ పరికరాన్ని లోపలి విండోస్‌కు అప్పగించవచ్చు. ముందు తీసిపెట్టుకున్న వర్చువల్ డిస్కు ఫైలును ఇక్కడ తగిలించవచ్చు, కాకపోతే హార్డ్‌వేర్ మారినట్టు కనిపించి యాక్టివేషన్ మళ్లీ అడగవచ్చు, దానికి విడిగా లైసెన్సు కావాలి. లోపలి పాత విండోస్‌కు ఇంటర్నెట్ ఇవ్వకండి. ఫైళ్లు షేర్డ్ ఫోల్డర్ ద్వారానే ఇచ్చిపుచ్చుకోండి.

అదీ కుదరకపోతే పాత సిస్టమ్‌ను అలాగే ఉంచి, నెట్ తీగ పీకేసి, ఆ ఒక్క పనికే వాడుకోండి. ఫ్లెక్స్ మెషీన్లు, కటింగ్ ప్లాటర్లు నడిపే కంప్యూటర్లకు చాలాచోట్ల ఇదే సరైన జవాబు. దాని డిస్కుకు ఒక నకలు, విడిగా ఒక పవర్ సప్లై కొని పెట్టుకుంటే చాలు.

మారిన తరువాత

అదే డిస్కు మీద అప్‌గ్రేడ్ చేసినవారికి వెనక్కి వెళ్లే గడువు 10 రోజులే. సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో ‘గో బ్యాక్’ ఉంటుంది. ఆ లోగా డిస్క్ క్లీనప్ నడిపి విండోస్.ఓల్డ్ ఫోల్డర్ చెరిపితే ఆ దారి కూడా మూసుకుపోతుంది. అందుకే ఆ పది రోజుల్లోనే నెలాఖరు పనులన్నీ ఉత్తుత్తిగా ఒకసారి చేసి చూడండి: పాత నెల రిటర్ను తెరవడం, టోకెన్‌తో ఏదో ఒక కాగితం మీద సంతకం, ప్రతి ప్రింటరు మీద ఒక పేజీ, పాత శుభలేఖ ఒకటి తెరిచి పీడీఎఫ్.

వేరే డిస్కు పద్ధతిలో మారినవారు పాత డిస్కు మీద తేదీ, యంత్రం పేరు రాసిన కాగితం అంటించి బీరువాలో పెట్టండి. ఒక ఆర్థిక సంవత్సరం పూర్తిగా గడిచి, ఆడిట్ ముగిసేవరకు దాన్ని ఎవరికీ ఇవ్వకండి, ఫార్మాట్ చేయనివ్వకండి.